యాభై దాటితే ఐదు కిలోమీటర్లేనా?

ఇబ్రహీంపట్నం వెళ్లొచ్చి పది రోజులైంది. కోపం చల్లారాక నిదానంగా రాద్దామనుకున్నాను. చల్లారితే అసలు రాయనేమోనని అనుమానం వచ్చి ఇప్పుడే కూర్చున్నాను.

నాకు యాభై ఏడేళ్లు. తణుకులో ఆడపిల్లల బడిలో లెక్కలు చెప్పేదాన్ని. కొన్నేళ్లుగా కాలువ గట్టు మీద పొద్దున్నే పరుగెడుతున్నాను. మొదట్లో ఎదురైన ప్రతివాళ్లూ బస్సు తప్పిపోయిందా అని అడిగేవారు. ఇప్పుడు అలవాటుపడి, నేను కనపడకపోతే ఒంట్లో బాగాలేదా అని అడుగుతున్నారు. దూరపు పందేలకూ వెళుతుంటాను. అలాంటి ఒక పందెంలోనే మూడేళ్ల కిందట సుజాతక్క పరిచయమైంది. శివరాత్రి దాటిన వారం తమ ఊరి దగ్గర ఇరవై ఒక్క కిలోమీటర్ల పరుగు ఉందని, తోడు రమ్మని ఆవిడే పిలిచింది.

రెండు ఇబ్రహీంపట్నాలు

బయల్దేరడంలోనే బోల్తాపడ్డాను. తణుకు బస్టాండులో ఇబ్రహీంపట్నం అన్నాను. టికెట్టు తీసుకుని హాయిగా నిద్రపోయాను. కండక్టరు తట్టి లేపితే దిగాను. దిగి చూస్తే కృష్ణ ఒడ్డు. అది బెజవాడ పక్కనున్న ఇబ్రహీంపట్నం. నేను వెళ్లాల్సింది రంగారెడ్డి జిల్లాలోది, హైదరాబాదు దగ్గర సాగర్ రోడ్డు మీదున్నది. సంచీ భుజాన వేసుకుని మజ్జిగ అమ్ముకునే ఆయన్ని దారి అడిగితే, ఆ ఊరికి వెళ్లాలంటే ఒక పూట పడుతుందమ్మా అని జాలిపడి ఇంకో గ్లాసు పోశాడు. ఫోనులో సుజాతక్క చాలాసేపు నవ్వింది.

అసలు ఇబ్రహీంపట్నం చేరేసరికి సాయంత్రం అయింది. మా వైపు నేల పలక పరిచినట్టు సమంగా ఉంటుంది. ఇక్కడ నేల ఒక్కచోట ఊరుకోదు. ఎత్తు, పల్లం, మధ్యలో బండరాళ్లు. బస్సు కిటికీలోంచి చూస్తుంటేనే నా మోకాళ్లకు ముందు జాగ్రత్త మొదలైంది.

సుజాతక్కకు యాభై తొమ్మిది. మంత్రసానులు కూడా వెళ్లని తండాలకు టీకాల పెట్టె మోసుకుని నడిచిన నర్సు. ఉద్యోగం అయిపోయిన ఏడాదికే షుగరు వచ్చింది. నడవమన్నారు. నడిచి నడిచి విసుగొచ్చి పరుగెత్తడం మొదలుపెట్టానంటుంది. గోడ మీద ఏసు పటం, దాని కింద వరుసగా పందేల పతకాలు.

ఆ రాత్రి భోజనం జొన్నరొట్టె, కొర్రమీను కూర. చేప తెచ్చింది యాదయ్య. అరవై దాటిన ఆయన, చెరువులో వలేసి బతికే కుటుంబం, సుజాతక్కతో కలిసి పరుగెడతాడు. కొర్రమీను కిలో ధర విని నేను నోరు తెరిచాను. మా వైపు చెరువు చేపకు మూడు రెట్లు. మేం పులుసులో చింతపండు దండిగా పిండుతాం. వీళ్లు నువ్వులు, పల్లీలు వేయించి నూరి వేస్తారు. కారం మాత్రం మా కంటే రెండాకులు ఎక్కువ. నా కళ్లు చూసి యాదయ్య పెరుగు గిన్నె నా వైపు జరిపాడు.

తింటూ ఉండగా సుజాతక్క అసలు సంగతి చెప్పింది. యాభై దాటినవాళ్ల జాతీయ పోటీలకు రాష్ట్రం నుంచి జట్టును పంపుతున్నారట. అందులో పేరు ఉండాలంటే ఇరవై ఒక్క కిలోమీటర్లు రెండున్నర గంటల్లో ముగించినట్టు రుజువు ఉండాలి. చేతిగడియారం లెక్క పనికిరాదు. ఛాతీకి పెట్టుకునే నంబరు వెనక చిన్న చిప్ అంటిస్తారు. గీత దగ్గర పరిచిన చాప దాటగానే అది సమయం పట్టుకుంటుంది. అలా పట్టుకున్న సమయం కావాలి. గడువులోగా మిగిలిన పందెం ఇదొక్కటే. ఏడాదిగా ఆవిడ దీనికోసమే సాధన చేస్తోంది.

చెరువు కట్ట మీద

మర్నాడు తెల్లారాక తైదల అంబలి, అంటే మా రాగి జావే, తాగి చెరువు కట్ట మీదికి వెళ్లాం. ఇక్కడ పరుగును ఉరుకుడు అంటారు. మా వైపు ఉరకడమంటే గెంతడం. సుజాతక్క ఉరుకుదామనగానే నేను నిజంగానే కంగారుపడ్డాను.

పందేనికి ముందురోజు కనక తేలికగా కదిలాం. కుర్రవాళ్లు రోజూ బలమంతా చూపిస్తారు. మా వయసులో అలా చేస్తే వారంలో మంచం ఎక్కాలి. ఒకరోజు పరుగు, ఒకరోజు విశ్రాంతి, వారానికొకసారి దూరం, పక్కవాళ్లతో మాట్లాడగలిగినంత వేగం. మా సాధన అంతే. దానికి కావలసింది ఓపిక. ఓపిక మా దగ్గర కావలసినంత ఉంది.

యాదయ్య పరుగు చూడముచ్చటగా ఉంటుంది. లుంగీ వదిలి నిక్కరు వేసుకున్నందుకు ఊళ్లో మొదట చాలా నవ్వారట. సుజాతక్క చున్నీని అడ్డంగా కట్టి, నడుం దగ్గర ముడివేసి పరుగెడుతుంది. మా ఊళ్లో నన్ను చూసి వెటకారం చేస్తారు, ఇక్కడ మొహం మీదే చెప్పేస్తారు. మోటారు సైకిలు మీద పోతున్న ఒక కుర్రాడు పక్కగా వచ్చి, మెల్లగ పోవే అవ్వా పడతవ్ అని సలహా ఇచ్చి వెళ్లాడు. నాకు ఒళ్లు మండింది. యాదయ్య మాత్రం ఊపిరి కూడా మారకుండా అన్నాడు:

"ఎందుకు ఉరుకుతున్నవ్ అని నన్ను అందరు అడుగుతరు చెల్లె. పోరగాండ్లు ఉరికితే ఎవ్వలన్న అడుగుతరా?"

గేటు దగ్గర

ఆ మధ్యాహ్నం నంబర్లు తెచ్చుకోవడానికి కొంగరకలాన్ దాటి వెళ్లాం. దారి పొడుగునా పొలాలకు రంగు రాళ్లు పాతి ఉన్నాయి. జొన్న చేను ఉన్నచోట జెండాలు, జెండాల మధ్య తారు రోడ్లు, ఆ రోడ్లకు అప్పుడే పేర్లు. ఇల్లు ఒక్కటీ లేదు. టీ కొట్టు దగ్గర ఆగితే అక్కడున్న నలుగురూ గజం ధర గురించే మాట్లాడుకుంటున్నారు.

పందెం పెడుతున్నది కూడా అలాంటి ప్లాట్ల కంపెనీయే. పరుగు మొదలూ చివరా వాళ్ల గేటు దగ్గరే. కాపలావాడు మమ్మల్ని ఆపాడు. లోపలికి ప్లాట్లు కొన్నవాళ్లకే అన్నాడు. మేం చెప్పేలోగానే రంగురంగుల బనీన్లు వేసుకున్న కుర్రాళ్ల గుంపు అటునుంచి పరుగెత్తుకుంటూ లోపలికి పోయింది. వాళ్లను ఆపలేదు. వాళ్లకు ప్లాట్లున్నాయా అని నేనడిగితే, వాళ్లు రన్నర్లు మేడమ్ అన్నాడు. మేమెవరమో చెప్పాక నమ్మలేనట్టు యాదయ్య కాళ్ల వంక చూసి గేటు తీశాడు.

లోపల మాకు పసుపు నంబర్లిచ్చారు. మిగతావాళ్లవి తెల్లవి. ఎందుకంటే సీనియర్లకు ఈ రంగని, రేపు స్టేజి మీద ప్రత్యేకంగా గుర్తుపట్టడానికని చెప్పింది అక్కడి అమ్మాయి. మంచి మర్యాదే అనుకుని సంతోషంగా వచ్చేశాం.

పసుపు టోపీలు

పొద్దు పొడవకముందే మొదలుపెడతామన్న పరుగు ముఖ్య అతిథి రాలేదని ఆగిపోయింది. చలి తగ్గింది, ఎండ వచ్చింది, ఆ ఎండ ముదిరింది. స్టేజి మీద పాటలు పెట్టారు. మేం మాత్రం ఒళ్లు వేడెక్కించడం, చల్లారబెట్టడం, మళ్లీ వేడెక్కించడం. తాగాల్సిన నీళ్లు సగం అక్కడే తాగేశాం. చివరకు కార్లు వచ్చాయి, దండలు వేశారు. అప్పుడు మైకులో ప్రకటించారు: పసుపు నంబర్లున్న పెద్దలంతా ఎడమవైపు షామియానా కిందికి రావాలి, వారి ఆరోగ్యం దృష్ట్యా వారికి ఐదు కిలోమీటర్ల ఆనంద నడక మాత్రమే ఉంటుంది, అందరికీ టోపీలిస్తాం.

నాకు మొదట అర్థం కాలేదు. ఇరవై ఒక్క కిలోమీటర్లకని మా దగ్గర కుర్రవాళ్లతో సమానంగా రుసుము తీసుకున్నారు. పుట్టిన సంవత్సరం అడిగి మరీ పేరు రాసుకున్నారు. ఊళ్లు దాటి వచ్చి నిలబడ్డాక, గీత దగ్గర, మైకులో చెబుతున్నారు నీకు చేతకాదని.

నల్ల కళ్లద్దాల మేనేజరు ఒకతను టోపీల పెట్టె పట్టించుకుని తిరుగుతున్నాడు. నలభై కూడా ఉండవు. సుజాతక్క అతని ముందు నిలబడింది.

"మమ్ముల ఒక్క మాట అడిగిన్రా?"

"మొన్ననే డిసైడ్ చేసినం అమ్మా. మీ మంచికే. మీకు ఏమన్న అయితే మాకు బద్నాం కదా."

"నా మంచి నాకు తెల్వదా బిడ్డా?"

అతను నవ్వి ఆవిడ తల మీద టోపీ పెట్టబోయాడు. ఆవిడ తల వెనక్కి తీసుకుంది. ఆ నవ్వును నేను ఇప్పటికీ క్షమించలేదు. అతను చెడ్డవాడిలా నవ్వి ఉంటే ఇంత బాధ ఉండేది కాదు. చిన్నపిల్లలకు మందు తాగించేటప్పుడు నవ్వినట్టు నవ్వాడు.

షామియానా కింద కొందరు టోపీలు పెట్టుకున్నారు, వాళ్లను ఏమీ అనను. మిలిటరీలో పనిచేసి వచ్చిన ఒక పెద్దాయన మాత్రం ఛాతీ మీది నంబరు విప్పి, నాలుగు మడతలు పెట్టి, జేబులో వేసుకుని ఇంటికి వెళ్లిపోయాడు.

పసుపు నంబర్లలో చిప్ పెట్టనేలేదని అప్పుడు వెనక్కి తిప్పి చూస్తేనే తెలిసింది. అంటే పరుగెత్తినా సుజాతక్క సమయం ఎక్కడా నమోదు కాదు. ఇక వెనక్కి పోదామా అన్నట్టు నేను చూశాను. ఆవిడ బూట్ల తాళ్లు బిగించుకుంటోంది.

"ఏడాది ఉరికింది గీ చిప్ కోసమే కాదు గదా. పా."

ముగ్గురం తెల్ల నంబర్ల గుంపులో దూరాం.

రోడ్డు పక్కన

ఐదు కిలోమీటర్ల మలుపు దగ్గర జెండా పట్టుకున్న కుర్రాళ్లు మమ్మల్ని వెనక్కి తిప్పబోయారు. యాదయ్య వాళ్లను మాటల్లో పెట్టి మమ్మల్ని సాగిపొమ్మని చెయ్యి ఊపాడు. కాసేపటికి తానూ వచ్చి కలిశాడు. ఏం చెప్పావని అడిగితే, మా ఇల్లు గీ దిక్కే అని చెప్పానన్నాడు.

మంచి పరుగు అది. ఎత్తుల దగ్గర అడుగులు చిన్నవి చేసి, పల్లాల్లో ఊపిరి కూడదీసుకుంటూ, తొందరపడి ముందు పోయిన కుర్రవాళ్లను ఒక్కొక్కరినే దాటుకుంటూ పోయాం. సుజాతక్క చేతి గడియారం చూసుకుని తల ఊపేది. రెండున్నర గంటల లోపే ఉంది. ఎవరూ రాసుకోకపోయినా లోపే ఉంది. ఎండ మాత్రం నెత్తి మీదికి వచ్చేసింది. రెండుచోట్ల నీళ్ల బల్లలు అప్పుడే ఎత్తేస్తున్నారు.

ఇంకో మూడు కిలోమీటర్లు ఉందనగా మా ముందు ఒక కుర్రాడు తూలాడు. రోడ్డు మధ్యకు, మళ్లీ అంచుకు, మళ్లీ మధ్యకు. తర్వాత మోకాళ్ల మీద పడి, పక్కకు ఒరిగిపోయాడు. తెల్ల నంబరు. పాతికేళ్లు ఉంటాయి. నీ పేరేంటంటే ఏదో గొణిగాడు గానీ అది పేరు కాదు. ఒళ్లు కాలిపోతోంది.

సుజాతక్క గడియారం వంక మళ్లీ చూడలేదు. యాదయ్యతో కలిసి అతన్ని తుమ్మచెట్టు నీడలోకి లాగింది. చున్నీ విప్పి మా సీసాల్లో మిగిలిన నీళ్లన్నీ దాని మీద పోసి మెడకు, చంకల్లో పెట్టింది. యాదయ్య తన ఛాతీ మీది నంబరు కాగితంపై అచ్చువేసిన అత్యవసర ఫోనుకు కొట్టాడు. మోగుతూనే ఉంది, ఎవరూ ఎత్తలేదు. సర్కారు అంబులెన్సుకు చేస్తే బయల్దేరుతుందన్నారు. కానీ దూరం నుంచి రావాలి.

సుజాతక్క తలెత్తకుండానే అంది: "స్టేజి పక్కన ఒక అంబులెన్స్ ఉన్నది, పొద్దుగాల చూసిన. నువ్వు ఉరుకు శారదా. మాట్లాడుకుంట ఉరుకుడు కాదు. ఉరుకు."

పరుగెత్తాను. ఐదేళ్లలో నేర్చుకున్న నిదానమంతా పక్కన పడేసి పరుగెత్తాను. చివరి ఎత్తు ఎక్కుతున్నాను. కళ్ల ముందు చిన్న చిన్న చుక్కలు. నేనూ పడిపోతే మేనేజరు మాట నిజమవుతుందన్న కోపం ఒక్కటే నన్ను నిలబెట్టింది.

గేటు దగ్గర నన్ను చూసి వాలంటీరు అమ్మాయి, నడక వాళ్ల సన్మానం అటువైపు ఆంటీ అంది. అంబులెన్సు స్టేజి పక్కనే ఉంది. విషయం చెప్పాను. డ్రైవరు పాపం లేచాడు గానీ, ముఖ్య అతిథి వెళ్లేదాకా కదలొద్దని చెప్పారమ్మా, సారుతో ఒక మాట చెప్పించండి అన్నాడు. సారంటే ఆ మేనేజరే, స్టేజి మీద శాలువాలు కప్పిస్తున్నాడు. కింద నుంచి పిలిచాను. చెయ్యి ఊపి, వస్తున్నా కూర్చోండి అని సైగ చేశాడు.

ముప్ఫై ఏళ్లు బడిలో పనిచేసినా నేను వీధిలో గొంతెత్తిన మనిషిని కాను. మెట్లెక్కి, యాంకరు చేతిలోంచి మైకు తీసుకున్నాను.

"రోడ్డు మీద ఒక పిల్లాడు స్పృహ తప్పి పడి ఉన్నాడు. మీ ఫోను ఎవరూ ఎత్తడం లేదు. ఆ బండి ఇప్పుడు కదలాలి."

అందరూ నా వంక చూశారు. తర్వాత బండి వంక చూశారు. బండి కదిలింది.

చాప చుట్టేశారు

చాలాసేపటికి సుజాతక్క, యాదయ్య వచ్చారు. అంబులెన్సులో రమ్మన్నా ఎక్కలేదట. కుర్రాడు పడిన చోటి నుంచి మళ్లీ పరుగెత్తుకుంటూనే వచ్చారు. అప్పటికి గీత మీద గాలి ఊది నిలబెట్టిన ఆర్చి నేల మీద పడి ఉంది. సమయం పట్టే చాపను ఇద్దరు మనుషులు చుట్టేస్తున్నారు. చాప లేని రోడ్డు మీదే, అంతకుముందు చాప పరిచిన చోటనే ఇద్దరూ గీత దాటారు. చప్పట్లు కొట్టింది నేనూ, ఇడ్లీలు పంచుతున్న ఒకావిడా.

అదే సమయంలో మైకులో వినిపించింది, తమ వైద్య బృందం సకాలంలో స్పందించి ఒక యువకుణ్ని దవాఖానకు తరలించిందని. సుజాతక్క విననట్టే నీళ్లు తాగుతోంది. మేనేజరు మాత్రం చేతిలో శాలువాతో దిగి వచ్చాడు. ఈసారి నవ్వు లేదు. పెద్దలు స్టేజి మీద కూర్చోవాలి, ఫొటో తీసుకుందాం అన్నాడు. కుర్చీ కూడా చూపించాడు.

యాదయ్య కుర్చీని చూసి, అతన్ని చూసి, "నేను కూసునేటందుకు రాలే సారూ" అన్నాడు. శాలువాను తాకనైనా తాకలేదు. ముగ్గురం ఆటో ఎక్కాం.

ఇంటికి వచ్చాక సుజాతక్క స్నానం చేసింది, అన్నం వండింది, నాకు పచ్చిపులుసు పోసింది. ఎండలో అంత దూరం పరుగెత్తి వచ్చాక ఆ ఉల్లిపాయ ముక్కల పుల్లటి చల్లదనం ఎలా ఉంటుందో మా వైపు వాళ్లకు చెప్పలేను. మేం పులుసును మరిగించకుండా ఊహించనే లేం. రెండు ముద్దలు తిన్నాక ఆవిడ చెయ్యి కంచంలో ఆగిపోయింది.

"ఏడాది పోయింది శారదా" అంది. ఏడుస్తూనే నా కంచంలోకి మళ్లీ అన్నం వడ్డించింది.

మళ్లీ తణుకులో

ఆ కుర్రాడు బాగున్నాడు. రెండోరోజే ఇంటికి పంపారు. సుజాతక్క నంబరు కనుక్కుని వాళ్లమ్మ ఫోను చేసిందట. రాష్ట్ర జట్టు జాబితా సుజాతక్క పేరు లేకుండానే వెళ్లిపోయింది. నేనూ యాదయ్యా కంపెనీకి చెరో ఫోను చేశాం. సంబంధిత వ్యక్తి లేరన్నారు. మూడోనాడు నా ఫోనుకు రంగుల సర్టిఫికెట్టు వచ్చింది: ఐదు కిలోమీటర్ల ఆనంద నడక విజయవంతంగా పూర్తి చేసినందుకు అభినందనలు. నేను నడవని ఐదు కిలోమీటర్లకు నాకు అభినందనలు.

మా వయసువాళ్ల మీద ఇంత ప్రేమ ఉన్నవాళ్లు ఎండ రాకముందే పరుగు మొదలుపెట్టి ఉండాల్సింది. నీళ్లు చివరిదాకా ఉంచాల్సింది. ఫోను ఎత్తాల్సింది. ఇవేవీ చెయ్యకుండా టోపీలు తెచ్చారు. జాగ్రత్త అంటే మమ్మల్ని దారిలోంచి తీసేయడమేనని వాళ్లకు ఎవరు చెప్పారో! మా గుండె బాగుందని చెప్పే డాక్టరు కాగితం తెమ్మంటే తెచ్చేవాళ్లం. ఇంత సమయంలో రాకపోతే ఆపేస్తామంటే ఒప్పుకునేవాళ్లం. అడగాలి కదా.

సుజాతక్క రెండు రోజులు ఇంట్లో కూర్చుందట. మూడోరోజు యాదయ్య వచ్చి గుమ్మంలో నిలబడితే బూట్లు వేసుకుందట. నిన్న ఫోను చేసి, వరంగల్ వైపు ఇంకో పందెం ఉంది, వస్తవా అని అడిగింది. వస్తానన్నాను. కానీ ఈసారి డబ్బు కట్టకముందే వాళ్లకు ఫోను చేశాను. ఒక అమ్మాయి ఎత్తింది. గొంతు వింటే కాలేజీ పిల్లలా ఉంది.

యాభై దాటినవాళ్లకు ఎన్ని కిలోమీటర్లమ్మా అని అడిగాను.

"అందరికీ ఒకటే ఆంటీ. ఎందుకు అడుగుతున్నారు?"

తర్వాత చెబుతానమ్మా అని ఫోను పెట్టేశాను. ఎందుకు అడిగానో ఆ అమ్మాయికి చెబుదామనే ఇదంతా రాశాను.